ఇనుములో రాగి

తండ్రి గది ముందు పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉంది. మూత కూడా కదల్లేదు.

ఆమె వంగి మూత తీసి చూసింది. కూర మీద నూనె తెట్టు కట్టింది. లోపల కుర్చీ కిర్రుమంది. అంటే ఆయన లేచే ఉన్నాడు. ఆకలి లేక కాదు, కూతురు పెట్టింది కాబట్టి ముట్టలేదు.

"నాన్నా, తీసేయనా?"

లోపల కాగితం తిప్పిన చప్పుడైంది.

"పోనీ, వేడిచేసి తేనా?"

కుర్చీ మళ్ళీ కిర్రుమంది. గోడవైపు తిరిగి కూర్చున్నాడు కాబోలు.

వంటింటి గుమ్మంలోంచి భర్త అంతా చూస్తున్నాడు. ఆయనకు బజారు మలుపులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఎవరి కంటికి ఏ అద్దం కావాలో ఇట్టే చెప్పగలడు. ఈ తండ్రీకూతుళ్ళ మధ్య ఏ అద్దం పెడితే ఒకరికొకరు కనపడతారో మాత్రం ఆయనకు అంతుపట్టడం లేదు.

"ఇలా ఇవ్వు, నేను తీసుకెళ్తాను," అన్నాడు.

"మీరు తీసుకెళ్తే తింటాడు. తెలుసు."

"తినడం ముఖ్యమా, ఎవరి చేతిమీదుగా తిన్నారన్నది ముఖ్యమా?"

ఆమె పళ్ళెం అందించింది. అల్లుడి కోసం తలుపు వెంటనే తెరుచుకుంది. "కూర బాగుంది బాబూ, ఉప్పే ఒక పిసరు ఎక్కువైంది," అంటున్న గొంతు వినిపించింది. ఎప్పటి గొంతే. అందులో కోపం లేదు, నీరసం లేదు. తన ఒక్కదానికి తప్ప ఆ గొంతు అందరికీ ఉంది.

గుమ్మం దగ్గర నిలబడి వినడం నామోషీ అనిపించింది. వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మీటింగు నాటి నుంచీ ఇంట్లో ఇదే తంతు.

తండ్రిని పరిశోధనశాలలో అందరూ ఇనుం మాస్టారు అంటారు. భాస్వరాన్ని కర్బనానికి అతికించాలంటే మధ్యలో ఒక లోహం పెళ్ళిపెద్దలా నిలబడాలి. రెంటినీ కలిపి, తాను ఏ పక్కా అంటుకోకుండా బయటికి వచ్చేయాలి. ఆ పెద్దరికం చాలాకాలం పల్లేడియానిదే. బంగారంతో పోటీపడే ధర దానిది. ఆ పని తన ఇనుము చేస్తుందని ఆయన నడివయసులో అంటే అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళే తర్వాత ఆయన పద్ధతిని పిల్లలకు పాఠం చెప్పారు. ఇనుమంటే మేకులూ గునపాలూ కాదు, ఐరన్ క్లోరైడ్ అనే గోధుమరంగు పొడి. ల్యాబులో దాన్ని ముద్దుగా ఇనుమనే అంటారు. కూతురూ ఆ పాఠమే చదువుకుని, ఆ ల్యాబులోనే చేరి, ఆయన రిటైరయ్యాక ఆయన కుర్చీలోనే కూర్చుంది.

ఇప్పుడు ఒక రసాయనాల ఫ్యాక్టరీ ఆ పద్ధతితో మందుల కంపెనీలకు కావలసిన సరుకు చేయబోయింది. ఒక్క గ్రాము చేతికి రాలేదు. ఇనుం మాస్టారి పద్ధతి తప్పయ్యే ప్రసక్తే లేదు కాబట్టి తప్పు మనిషిదే అయ్యుండాలని షిఫ్ట్ కెమిస్టును ఇంటికి పంపేశారు.

ఆమె తన ల్యాబులో చేసి చూసింది. తండ్రి వాడిన పాత సీసాలోని ఇనుముతో చక్కగా అయింది. ఫ్యాక్టరీవాళ్ళు కొన్న మేలురకం ఇనుముతో కాలేదు. ముందు నమ్మలేదు. కిందా మీదా పడి వెతికితే తేలిందేమిటంటే, పాత ఇనుములో కంటికి ఆననంత రాగి కల్తీ ఉంది. ఇన్నేళ్ళూ పని చేసింది ఆ రాగి. పేరు మాత్రం పక్కన కూర్చున్న ఇనుముకు వచ్చింది. మంచి సరుకు కొనడమే ఫ్యాక్టరీ చేసిన పాపం.

ఆ సంగతే ఆమె మీటింగులో లేచి చెప్పింది. ముందు వరుసలో తండ్రి కూర్చుని ఉన్నాడు.

బయట కారు ఆగిన చప్పుడు. మేనత్త దిగింది. చేతిలో సంచీ లేదు. ఉండడానికి వచ్చేదయితే సంచీతో వస్తుంది. ఉత్తచేతులతో వచ్చిందంటే ఎవర్నో తీసుకెళ్ళడానికే.

ఆవిడ టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఎదుటి మనిషి ఎక్కడో లైను అవతల ఉన్నట్టు ఇప్పటికీ గట్టిగానే మాట్లాడుతుంది.

"అన్నయ్య ఫోన్ చేశాడు. నీ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందా అని అడిగాడు. నా ఇల్లు లాడ్జీ అనుకున్నావా అని కసిరాను. ఏడ్చినంత పని చేశాడు."

"నాన్న ఏడ్చాడా?"

"గొంతు అలా ఉందిలే." కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏమే, పదిమందిలో లేచి అన్నయ్యని అబద్ధాలకోరన్నావట?"

"అబద్ధం అనలేదత్తయ్యా. పొరపాటన్నాను."

"ఆ వయసులో రెండూ ఒకటే. ఇంటిగుట్టు వీధిలో పెడతారా ఎవరైనా?"

"ముందు ఇంట్లోనే చెప్పాను. ముందురోజు సాయంత్రం, ఈ బల్ల దగ్గరే. 'నీ గాజుసామాను సరిగ్గా కడుక్కో పో' అని లేచి వెళ్ళిపోయాడు."

"అయితే కడుక్కోవాల్సింది."

భర్త నవ్వాపుకోలేక దగ్గాడు. మేనత్త ఒక్క చూపు చూసేసరికి ఆ దగ్గు కూడా మానేశాడు.

"ఒక మనిషి ఉద్యోగం పోయిందత్తయ్యా," అంది ఆమె. "ఫ్యాక్టరీలో కెమిస్టు. అతను చేసిన తప్పేమీ లేదు."

"అతను నీకేమవుతాడు?"

"ఏమీ కాడు."

"ఆ గదిలో ఉన్నాయన?"

ఆమె బల్ల మీది గ్లాసును కాస్త పక్కకు జరిపింది. మళ్ళీ ఉన్న చోటికే తెచ్చిపెట్టింది.

"సాయంత్రం ఎండ తగ్గాక తీసుకెళ్తాను," అంది మేనత్త. ఈసారి గొంతు లైను ఇవతలి మనిషిదిలా ఉంది. "కొన్నాళ్ళు నా దగ్గరుంటే చల్లబడతాడు. నువ్వు మాత్రం ఏం తింటున్నావే? మొహం పీక్కుపోయింది."

* * *

ల్యాబుకు వెళ్ళే బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

భాస్వరం పదార్థాల వాసన అలాంటిది. మురిగిన వెల్లుల్లిలా ఉంటుంది. జుట్టుకీ చేతిసంచికీ పట్టేస్తే ఓ పట్టాన వదలదు. ఎక్కినవాళ్ళు కూర్చోబోయి, ముక్కు ఎగబీల్చి, దిగే స్టాపు దగ్గరకొచ్చినట్టు నటిస్తూ ముందుకు జరిగిపోతారు.

చిన్నప్పుడు తండ్రి ఇంటికి రాగానే తల్లి ఆయన చొక్కాను గుమ్మం బయటే విప్పించేది. పరుగెత్తుకెళ్ళి ఆ చొక్కాలో మొహం దాచుకునేది తనొక్కతే. తల్లి పోయాక ఆ వాసనను వాసన అనుకోని మనుషులు ఇంట్లో ఇద్దరే మిగిలారు. భర్త అలవాటు పడ్డాడు, పాపం. కాని అలవాటు వేరు, ఇష్టం వేరు.

ప్రతి సాయంత్రం భోజనాల దగ్గర తండ్రి అడిగే ప్రశ్న ఒకటే. "ఇవాళ గీత ఎక్కడ లేచింది?"

ల్యాబులో ఒక పెద్ద యంత్రం ఉంది. సన్నని గాజుగొట్టంలో పదార్థం పోసి అందులో పెడితే, భాస్వరం ఎవరి పక్కన కూర్చుని ఉందో తెరమీద ఒక గీత రూపంలో చెబుతుంది. కర్బనంతో కొత్త బంధం కుదరగానే గీత కుడి నుంచి ఎడమకు జరుగుతుంది. కుదరకపోతే ఉన్నచోటనే ఉంటుంది. రోజంతా ఆమె పడిన పాటంతా ఆ ఒక్క గీతే. దాని గురించి అడిగే మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఆయనా అడగడం లేదు.

ల్యాబు గేటు దగ్గర షిఫ్ట్ కెమిస్టు నిలబడి ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి. హెల్మెట్టు రెండు చేతుల్తో పొట్టకు ఆనించి పట్టుకున్నాడు.

"మేడమ్, నేను తప్పు చేయలేదని మీరన్నారట," అన్నాడు. "నిజమేనా?"

"నిజమే."

"అంటే, మీకు ఖాయంగా తెలుసాండీ?"

ఆమె ఆశ్చర్యపోయింది. "నీకు తెలీదా? చేసింది నువ్వే కదా."

"మొదట్లో తెలుసండీ. గొంతు చించుకుని చెప్పాను కూడా. రోజూ పదిమంది నీదే తప్పంటుంటే, నాకూ అనుమానం పట్టుకుంది. వాల్వు సరిగ్గా తిప్పానా లేదా అని నిద్రలో తిప్పుకుంటున్నాను. నిన్న ఇంట్లో గ్యాసు కట్టేసి, కట్టానో లేదో అని వెనక్కెళ్ళి వెనక్కెళ్ళి చూస్తూనే ఉన్నాను. మా ఆవిడ భయపడిపోయింది."

"నువ్వు వాల్వు సరిగ్గానే తిప్పావు," అంది ఆమె. "వాళ్ళు తెచ్చిన ఇనుము మరీ మంచిది. అంతే."

అతను ఆ వాక్యాన్ని నోట్లోనే ఒకసారి అనుకుని చూసుకున్నాడు. తల ఊపి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు హెల్మెట్టు పెట్టుకోవడం మర్చిపోయి, వీధి చివర బండి ఆపి పెట్టుకున్నాడు.

గదిలోకి వచ్చి కూర్చుందో లేదో డైరెక్టరుగారు పిలిపించారు. ఆయన మంచివాడు. ఎవర్నీ నొప్పించకుండా బతకాలన్నది ఆయన సిద్ధాంతం. గోడమీద పిల్లి అని వెనక అనుకుంటారు గాని, ఆ గోడ ఆయన స్వయంగా కట్టుకున్నది.

"కూర్చోండమ్మా. సోమవారం ఫ్యాక్టరీవాళ్ళతో మళ్ళీ మీటింగు. నేనొక దారి ఆలోచించాను." టీ కప్పు ఆమె ముందుకు జరిపారు. "ఇనుముకు చిటికెడు రాగి తోడు చేస్తే పని ఇంకా బాగా జరుగుతుందని రాద్దాం. పద్ధతి మెరుగుపడిందందాం. ఫ్యాక్టరీకి సరుకు వస్తుంది. మీ నాన్నగారి పేరు నిలుస్తుంది. ఆ కెమిస్టు కుర్రాణ్ణి ఇంకో చోట పెట్టిస్తాను. ఎవరికీ నష్టం లేదు."

"ఇనుము లేకపోయినా జరుగుతోంది కదండీ."

"అది చూసింది మీరొక్కరే కదా."

ఆమె టీ ముట్టుకోలేదు. "ఆ కెమిస్టు తప్పేమీ లేదని రాస్తారా?"

"అది రాస్తే, మరి తప్పు ఎవరిదని అడుగుతారు. కదిలించడం ఎందుకు?" ఆయన గొంతు తగ్గించారు. "అమ్మా, మీరు నా కూతురి లాంటివారు. చెప్పండి, ఈ వయసులో ఆయన దగ్గర ఆ ఇనుము తప్ప ఇంకేముంది?"

అదే మాట తనూ ఎన్నిసార్లనుకుందో. పరాయి నోట వినేసరికి ఒళ్ళు మండింది. మండిందని చెప్పే చోటు కూడా కాదది.

"ఆలోచించి చెప్తానండీ," అంది.

ఆలోచించడానికి తండ్రి ఉండాలి. ఏ చిక్కు వచ్చినా చెప్పుకునేది ఆయనతోనే. ఈ చిక్కు ఆయనే అయితే ఎవరితో చెప్పుకోవాలి?

* * *

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి తండ్రి హాల్లో ఇస్త్రీ చొక్కాతో, కాళ్ళకు చెప్పులతో కూర్చుని ఉన్నాడు. పక్కన సూట్‌కేసు. మేనత్త కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"నాన్నా, వెళ్ళకు."

ఆయన చెల్లెలి వైపు చూసి, "కారు వచ్చిందేమో చూడు," అన్నాడు.

మేనత్త బయటికి నడిచింది. పోతూ పోతూ అల్లుడి మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. తలుపు కూడా దగ్గరగా వేసింది.

ఇద్దరే మిగిలారు. పక్కింట్లో ఎవరో కుళాయి విప్పారు, కట్టారు.

"కలిపే కడ్డీ పాతదా?" అన్నాడు ఆయన, నేలవంక చూస్తూ.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"ఫ్లాస్కులో తిరిగే అయస్కాంతం కడ్డీ. దాని గీతల్లో వెనకటి లోహాలు ఇరుక్కుని ఉంటాయి. నేనే నీకు చెప్పాను."

"కొత్తది. అప్పుడే ప్యాకెట్టు విప్పాను."

"ఫ్లాస్కులు?"

"యాసిడ్లో నానబెట్టి కడిగాను."

"పొడి తీసిన చెంచా?"

"ప్లాస్టిక్‌ది."

"క్షారంలో ఉండొచ్చుగా రాగి."

"పరీక్షకు పంపించాను. లేదు."

"అయితే ఆ భాస్వరం పదార్థమే, నీ ఫాస్ఫీనే పాడై ఉంటుంది. గాలి తగిలితే చాలు, అది ఊరుకోదు."

"అదే సీసాలోది నీ ఇనుముతో అయింది నాన్నా. అదే పూట."

ఎప్పుడు జరిగాడో గాని ఆయన కుర్చీ అంచుకు వచ్చేశాడు. ఆమె కూడా ఎప్పుడు కూర్చుందో, ఎదురుగా చిన్నపీట మీద కూర్చుని ఉంది. ఆయన చూపుడువేలు గాలిలో ఫ్లాస్కు గీస్తోంది. వేడి ఎంత పెట్టావు, నత్రజని పంపావా, ఎంతసేపు ఉంచావు, అంటూ అడుగుతూనే ఉన్నాడు. ఆమె చెబుతూనే ఉంది. ఈ ప్రశ్నలు ఇలా సాగుతూనే ఉంటే బాగుండుననిపించింది. కారు రాకూడదనుకుంది.

"రాగి ఒక్కటే వేస్తే?"

"అవుతోంది."

ఆయన వేలు ఆగింది. మళ్ళీ అందుకున్నాడు. "అవనీ. రాగికి పని వచ్చినంత మాత్రాన ఇనుముకు రాదని ఎలా అంటావు? ఇంట్లో ఒకరికి వంట వస్తే రెండోవాళ్ళకి రానట్టా?"

"కొత్త ఇనుముతో కాలేదు కదా మరి."

"కొత్త ఇనుము ఎవరిది?"

"వేరే కంపెనీది."

"వేరేవాళ్ళ ఇనుము నా ఇనుమెలా అవుతుంది? అందులో పని చెడగొట్టేది ఇంకేదో ఉందేమో. నా సీసాలోదే తీసుకుని, అందులోంచి రాగిని వదలగొట్టి, అప్పుడు చేసి చూశావా?"

ఆమె తను చేసిన పరీక్షలన్నీ వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

"లేదు," అంది.

"లేదు," అన్నాడు ఆయన కూడా. లేచి సూట్‌కేసు అందుకున్నాడు.

"నేను చేస్తాను నాన్నా. రేపే చేస్తాను."

"నువ్వు చెయ్యకు. నీకు జవాబు ముందే తెలిసిపోయింది. జవాబు తెలిసినవాళ్ళ చేతులు దానివైపే ఒరుగుతాయి."

కారు బయల్దేరింది. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక కిటికీలోంచి మేనత్త చెయ్యి ఊపింది.

ఆ పూట భర్త మళ్ళీ షాపుకు వెళ్ళకుండా, బల్లమీద రెండు పళ్ళాలు పెట్టాడు. తినడం మొదలుపెట్టాక, చాలాసేపు మాటలు కూడగట్టుకుని, "ఇవాళ గీత ఎక్కడ లేచిందోయ్?" అన్నాడు.

మంచి మనసుతోనే అడిగాడు. ఆమె చెప్పబోయింది. రెండు మాటలు చెప్పేసరికి ఆయన కళ్ళలో ఆ మర్యాదైన అయోమయం కనిపించింది. షాపుకొచ్చిన ముసలివాళ్ళు అద్దాల్లోంచి అక్షరాలు కనపడకపోయినా కనపడుతున్నాయంటారే, అలా తల ఊపుతున్నాడు.

"ఏమీ లేవలేదులెండి," అంది.

* * *

ఆదివారం మధ్యాహ్నం ల్యాబు వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, పెద్దసారు పొద్దుటే వచ్చారండి. తాళం తీయమంటే తీశాను. ఇందాక టీ తెస్తానంటే వద్దన్నారు. మీకొకమాట చెబుదామని."

బస్సు కోసం ఆగకుండా టాక్సీలో వెళ్ళింది. దారంతా కంగారే. ఆ పదార్థాలు గాలి తగిలితే పొగలు కక్కుతాయి. ఆయన చేతులు గ్లాసు ఎత్తినప్పుడే వణుకుతున్నాయి ఈమధ్య.

ల్యాబు తలుపుకున్న గాజుపలకలోంచి చూసింది. తండ్రి తన పాత కోటు తొడుక్కుని, కళ్ళకు రక్షణ అద్దాలతో, గాలి లాగే అర ముందు నిలబడి ఉన్నాడు. చేతులు వణకడం లేదు. మూడు చిన్న ఫ్లాస్కులు ఒకే వేడి పళ్ళెం మీద ఒకే వేగంతో తిరుగుతున్నాయి. పక్కన నిలువుగా బిగించిన ఒక గాజుగొట్టం ఉంది. దాని పైభాగాన నల్లని మెరుపు రేకులు అంటుకుని ఉన్నాయి. ఆమెకు చూడగానే తెలిసింది. ఆయన తన పాత సీసాలోని ఇనుమును మంటమీద పెట్టి ఆవిరిచేసి పైకి పంపాడు. ఇనుము పైకెక్కి రేకులు కట్టింది. రాగి ఆవిరి కాలేక అడుగునే ఉండిపోయింది.

లోపలికి వెళ్ళలేదు. బయట బెంచీ మీద కూర్చుంది. ఆయన ఒకసారి తలతిప్పి ఆమెను చూశాడు. పొమ్మనలేదు, రమ్మనలేదు.

చాలాసేపటికి తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. చేతిలో మూడు సన్నని గాజుగొట్టాలు. ఒకదానికి తెల్లమూత, ఒకదానికి నీలం, ఒకదానికి ఎరుపు.

"ఈ కొత్త యంత్రం నాకు రాదు," అన్నాడు. మీటింగు తర్వాత ఆమె సాయం అడుగుతూ అన్న మొదటి మాట అది. "ఏది ఏమిటో నీకు చెప్పను. గీత ఎక్కడ లేచిందో చెప్పు, చాలు."

ఆమె గొట్టాలు తీసుకుంది. వేళ్ళు తగిలాయి. ఆయన చేతికి ఆ వాసన ఉంది.

యంత్రం గదిలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. తెల్లమూత పెట్టింది. గీత ఎడమకు జరిగి లేచింది.

"అయింది."

నీలం మూత పెట్టింది. యంత్రం పని చేస్తున్నంతసేపూ ఆమె ఒక్కటే కోరుకుంది, జరగాలి, ఇది కూడా జరగాలి అని. తన లెక్క తప్పాలి. పదిమందిలో తను నవ్వులపాలవ్వాలి. ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని, చెప్పానా పిడుగూ, నీ గాజుసామాను సరిగ్గా కడుక్కోమని, అనాలి.

గీత కుడివైపున, ఉన్నచోటనే ఉంది. వెంట్రుకవాసి జరగలేదు.

"కాలేదు," అంది.

ఎర్రమూత. "అయింది."

"నీలం ఇంకోసారి పెట్టు."

పెట్టింది. ఇంకోసారీ అదే. గీత లేవాల్సిన ఎడమవైపు ఎక్కడైనా చిన్న గుట్టయినా ఉందేమోనని తెరను పెద్దది చేసి, అంగుళం అంగుళం వెతికింది. ఆయన కోసం కాదు, తన కోసమే వెతికింది.

"కాలేదు నాన్నా."

ఆయన కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడిచాడు. "తెల్లది నా సీసాలోది, ఉన్నదున్నట్టు. ఎర్రది ఉత్త రాగి."

నీలం ఏమిటని ఆమె అడగలేదు.

"నీలంది నా ఇనుము," అన్నాడు కోటు గుండీలు విప్పుతూ. "కడిగింది."

యంత్రం లోపల పంపు టిక్కుటిక్కుమంటోంది. గెలిచినవాళ్ళకు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు గాని, ఇలా మాత్రం ఉండదు. ఒక చెయ్యి ఆయన భుజం దాకా వెళ్ళి, కోటు విప్పుకుంటున్న ఆయన మోచెయ్యి అడ్డం రావడంతో ఆగిపోయింది.

"ఇంటికి వెళ్దాం నాన్నా. పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేవు."

"చెల్లెలు వండి పెట్టి ఉంటుంది. వెళ్ళకపోతే ఫోను లేకుండానే ఊరంతటికీ వినపడేలా అరుస్తుంది." నవ్వించడానికి అన్నాడో, అలవాటుగా అన్నాడో. కోటు మడతపెట్టి చేతిమీద వేసుకున్నాడు. "నిన్న మీ డైరెక్టరు వచ్చాడు, మీ అత్తయ్య ఇంటికి."

ఆమె చటుక్కున తిరిగింది. "ఎందుకు?"

"నీకు చెప్పిందే నాకూ చెప్పాడు. ఇనుముకు రాగి తోడట. పద్ధతి మెరుగుపడిందట."

"నువ్వేమన్నావు?"

"చేసి చూసి చెప్తానన్నాను. చూశాను." మూడు గొట్టాలూ ఆమె చేతిలోంచి తీసుకుని స్టాండులో వరసగా నిలబెట్టాడు. "రేపు మీటింగుకి నువ్వు రాకు."

"నాన్నా..."

"నేనొక్కణ్ణే మాట్లాడాలి. నువ్వు ఎదురుగా కూర్చుంటే నీ మొహం చూసి మాట్లాడతాను. నీకు భయపడి నిజం చెప్పినా, నీ మీద కోపంతో అబద్ధం చెప్పినా, రెండూ నా మాటలు కావు."

"అంటే ఏం చెప్తావు?"

ఆయన గుమ్మంలో ఆగాడు. ఈసారి ఆమె కళ్ళలోకే చూశాడు.

"నోట్లోంచి వచ్చినప్పుడే నాకూ తెలుస్తుంది," అన్నాడు.

మెట్లమీద ఆయన అడుగులు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద వాచ్‌మన్ లేచి నిలబడి గేటు తీశాడు. ఆయన కోటు ఇంకా చేతిమీదే ఉంది. బస్‌స్టాపు వైపు నడుస్తున్నాడు. ఎదురొచ్చిన ఇద్దరు ఆయన పక్కనుంచి పోతూ ముక్కు చిట్లించుకుని దూరం జరిగారు. ఆయన గమనించలేదు.

ఫోను మోగింది. షిఫ్ట్ కెమిస్టు.

"మేడమ్, ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నాను. రేపు మీటింగుకి నన్నూ రమ్మన్నారండీ. ఒక్కణ్ణే ఎలా వెళ్ళాలో తెలియడం లేదు. మీరు ఉంటారు కదా?"

ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది. తండ్రి మలుపు దగ్గరికి చేరాడు. రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూస్తున్నాడు.

"మేడమ్? లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను," అంది ఆమె.

అతను దేనికి జవాబు అనుకున్నాడో గాని, "అమ్మయ్య," అని ఫోను పెట్టేశాడు.